ఓబుళప్ప కట్టిన నీలం పోగులు

ధర్మవరంలో పట్టుకు రంగు వేసేవాళ్ళు ఆ రోజుల్లో పాతికమంది దాకా ఉండేవాళ్ళు. అందరూ పనిమంతులే, ఎవరినీ తీసిపారేయడానికి లేదు. కానీ నెమలికంఠం రంగు కావాలని ఎవరైనా వస్తే మాత్రం మిగతా ఇరవై నాలుగు మందీ ఓబుళప్ప ఇంటి దారే చూపించేవాళ్ళు. చూపిస్తూ ఒక మాట కూడా చెవిన వేసేవాళ్ళు: "పోప్పా, పో. ఆ మనిషితో వాదానికి మాత్రం దిగొద్దు."

వాదానికి దిగితే ఏమవుతుందో కదిరి నుంచి వచ్చిన ఒక కొత్త వ్యాపారిని అడగాలి. పాపం, ఆయన ఒక పట్టుదారం చిలపను చేతిలోకి తీసుకొని "ఈ ఎరుపు బాగుండాది" అన్నాడు. అంతే. ఓబుళప్ప ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి, మిరపపండు ఎరుపు వేరు, కుంకుమ ఎరుపు వేరు, దానిమ్మగింజ ఎరుపు వేరు అంటూ పోగు పోగూ తీసి చూపిస్తూ, ఆ మనిషి ఎక్కాల్సిన రైలు వెళ్ళిపోయేదాకా వదల్లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. అందరికీ ఒళ్ళు మండించే సంగతేమంటే, రంగుల విషయంలో ఆయన పట్టిన కుందేలుకు నిజంగానే మూడు కాళ్ళుండేవి.

ఆ చూపు ఆయనకు నాయన నుంచి వచ్చింది. తొట్టిలో రంగు కుదిరిందో లేదో తెలుసుకోవడానికి నాయన ఒక్క పోగు ముంచి, పిండి, ఎండకు పట్టి చూసేవాడు. దాన్ని మచ్చు అనేవాళ్ళు. మచ్చు పచ్చ వైపు పోతే తొట్టిలో ఇంకాస్త నీలం, నీలం వైపు పోతే ఇంకాస్త పసుపు. కుదిరేదాకా పోయడమే, కలపడమే. "రంగు తప్పిన చిలప మన గడప దాటగూడదు రా" అన్న ఒక్క మాటే ఆయన కొడుక్కు ఇచ్చిపోయిన ఆస్తి. ఓబుళప్ప చదువు సంతకం దగ్గరే ఆగిపోయింది గానీ, ఆ మాటను మాత్రం ముప్పై ఐదేళ్ళు జవదాటలేదు.

అట్లాంటి మనిషికి 1961లో, యాభయ్యో ఏట, దాహం పట్టుకుంది. చెంబు దించితే మళ్ళీ చెంబు ఎత్తేవాడు. తాగినదంతా ఊరికే ఉంటుందా, గంటకోసారి పెరట్లోకి పరుగు. రోజంతా కాగుల ముందు నిలబడేవాడికి వేడి చేయక ఏం చేస్తుందిలే అని మజ్జిగ మీద మజ్జిగ తాగాడు. భార్య కుళ్ళాయమ్మకు మాత్రం అనుమానం వచ్చింది. పెరట్లో ఆయన కూర్చొని లేచిన చోటల్లా చీమలు బారులు తీరుతున్నాయి.

"ఏమయ్యా, ఆ చీమల్ని చూసినావా? పాకం ఒలకబోసినట్ల మూగుతాండాయి," అంది.

"చీమలకు పనేముండాదే. యాడ తడి ఉంటే ఆడ చేరతాయి."

"బోకులు కడిగిన నీళ్ళ కాడికి ఒగ చీమా రాలేదు మరి."

ఓబుళప్ప ఇంకో చెంబు మజ్జిగ అడిగాడు.

ఆ ఎండాకాలంలోనే పెనుకొండ నుంచి గోవిందరాజులు శెట్టి వచ్చాడు. బట్టల అంగడి ఆయనది. నాలుగేళ్ళ కింద ఆయన పెద్దకూతురు సీతాదేవి పెండ్లిచీరకు నెమలికంఠం రంగు వేసింది ఓబుళప్పే. ఇప్పుడు చిన్నకూతురు సుమతికి పెండ్లి కుదిరింది. అక్క చీర రంగు తప్ప ఇంకో రంగు కట్టనని ఆ పిల్ల మొండికేసింది. అప్పట్లో మిగిలిపోయిన ఒక చిలపను శెట్టి గుడ్డలో చుట్టి, వెలుతురు తగలకుండా పెట్టెలో దాచి ఉంచాడు. దాన్ని తెచ్చి ఓబుళప్ప చేతిలో పెట్టాడు.

"ఇది నీ చెయ్యే. దీన్ని చూసి ఇట్లాంటిదే వెయ్యి," అన్నాడు.

వేశాడు. పదిరోజుల తర్వాత శెట్టి వచ్చి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకొని తిప్పి తిప్పి చూశాడు. చివరికి మెల్లగా, "కొత్తది చిలకపచ్చకు తిరిగిందే ఓబుళప్పా," అన్నాడు. ఓబుళప్ప రెండింటినీ కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు, చెయ్యి చాపి దూరంగా పట్టుకున్నాడు. అంచులన్నీ అలుక్కుపోయి రెండూ ఒకే మసకగా కనిపించాయి. కొన్ని వారాలుగా అట్లాగే కనిపిస్తోంది, ఆవిరి కమ్మిందిలే అని ఎవరికీ చెప్పలేదు. తన చేతి రంగును తానే పట్టుకోలేకపోయాడు.

"పెండ్లి మాఘంలో. నేసేదానికి రెండు నెలలు పడతాది," అన్నాడు శెట్టి. "కార్తీకం దాకా చూస్తా. అప్పటికీ కుదరకుంటే ఇంకొకర్ని చూసుకుంటా. ఏమీ అనుకోవద్దప్పా."

పాత చిలపను అక్కడే ఉంచి ఆయన వెళ్ళిపోయాడు. 'ఇంకొకర్ని' అన్న మాట ఓబుళప్పకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. రంగు తెలియని ఓబుళప్ప అంటే ఇంకేం మిగిలినట్టు? ఆ పూట అన్నం ముట్టలేదు. మరునాడు పొద్దున్నే కుళ్ళాయమ్మ ఆయన్ను ప్యాసింజరు బండి ఎక్కించి హిందూపురం తీసుకుపోయింది.

హిందూపురంలో రైలు దిగి నాలుగడుగులు వేస్తే బెల్లం వాసన గుప్పున కొట్టింది. బండ్లకు బండ్లు బెల్లం మండీలో దిగుతోంది. ఆ మండీ వెనక సందులోనే చక్కెర జబ్బుకు మందిచ్చే రంగనాథ్ డాక్టరు ఉండేవాడు. దేవుడికి కూడా వేళాకోళం తెలుసనడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. కుళ్ళాయమ్మ మొగుడి ముక్కుకు తన కొంగు అడ్డం పెట్టి మరీ ఆ సందు దాటించింది.

డాక్టరు ఒక గాజుగొట్టంలో చెంచాడు నీలం మందు పోసి, అందులో ఓబుళప్ప మూత్రం ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద మరిగించాడు. నీలం పచ్చబడింది. పచ్చ పసుపైంది. పసుపు నారింజకు తిరిగింది. ఆఖరికి ఇటుకరాయి రంగు దగ్గర ఆగింది. మసక కండ్లకు కూడా ఆ ఎరుపు తెలిసి ఓబుళప్ప కుర్చీలోంచి లేచాడు.

"సామీ, ఈ సరుకు యాడ తెప్పిస్తారు? ఒగే తొట్టిలో ఇన్ని రంగులు తిరిగేది నేను పుట్టి చూడలేదు."

"తెప్పించేదేముండాదప్పా, నీ లోపలిదే ఇది," అన్నాడు డాక్టరు. "నీలం నీలంగానే నిలిస్తే చక్కెర అదుపులో ఉన్నట్టు. పచ్చయితే రోంత దిగుతాండాదని అర్థం. పసుపు, నారింజ అంటే ఎక్కువ. ఇటుక రంగంటే ఆ మండీలో నిన్ను కూడా తూకానికి పెట్టొచ్చు."

"మరి ఈయన కండ్లు?" అని అడిగింది కుళ్ళాయమ్మ. ఆమెకు నవ్వు రాలేదు.

"చక్కెర ఎక్కువై చూపు మసకబారింది. చక్కెర దిగితే ఈ మసక పోతాది. దిగేటప్పుడు మొదట ఇంకా తికమక పెడతాది, భయపడి అద్దాలకు పరిగెత్తొద్దు. ఇట్లే వదిలేసినారంటే మాత్రం ఉన్న చూపు కూడా నిలవదు. రంగులు చూసే పని మరిచిపోవాల్సిందే."

మాత్రలిచ్చాడు. బెల్లం, చక్కెర, వరన్నం మీద గీత గీశాడు. రాగిసంగటి కూడా పిడికెడే అన్నాడు. రోజూ రెండు మైళ్ళు నడవమన్నాడు. గాజుగొట్టం, దీపం, చుక్కలు వేసే గొట్టం, రెండు నెలలకు సరిపడే నీలం మందు బుడ్డి కట్టి చేతికిచ్చాడు. "రోజూ పొద్దున మరిగించి చూడు. ఏ రంగు వచ్చిందో రాసిపెట్టు. నెలకోసారి తెచ్చి చూపించు. నాకు నీలం కావాల."

రాయడం ఓబుళప్పకు రాదు. అంతమాత్రానికే ఆగిపోతాడా? ఇంట్లో తెగిన ముక్కపోగుల గంపలున్నాయి. ప్రతి పొద్దూ గొట్టంలో వచ్చిన రంగుకు సరిపోయే పట్టుపోగు వెతికి, గోడకు కట్టిన ఒక నూలుతాడుకు ముడి వేసేవాడు. రోజుకో పోగు. మొదటి ఐదు రోజులు ఇటుక, ఇటుక, ఇటుక, నారింజ, ఇటుక.

ఆరో పొద్దున చెయ్యి ఆగలేదు. డాక్టరు అడిగింది నీలం, వచ్చింది నారింజ. రంగు తప్పిన సరుకును ముప్పై ఐదేళ్ళు గడప దాటనివ్వని చెయ్యి అది, ఊరుకుంటుందా? ఇంకో చెంచా నీలం మందు పోసింది. చాలలేదు. ఇంకో చెంచా. అడుగున మడ్డి పేరుకునేదాకా ఉంచి, పైన తేటను వెలుతురుకు పట్టి చూస్తే, నీలం. హమ్మయ్య అనుకొని నీలం పోగు కట్టాడు. మోసం అన్న మాట ఆయన మనసులో లేనే లేదు, ఒట్టు. గొట్టంలో కుదిరితే ఒంట్లోనూ కుదురుతుందని ఆ పిచ్చిమనిషి నమ్మకం. పైగా నీలం వచ్చింది కదా అని ఆ మధ్యాహ్నం వరన్నం రెండోసారి పెట్టించుకున్నాడు.

ఇరవై రోజులకే మందు అడుగంటింది. కుళ్ళాయమ్మ బుడ్డిని ఊపి చూసి, "రెండు నెలలకిచ్చింది అప్పుడే ఏమైపాయ?" అని అడిగితే, "ఎండకు ఇగిరిపోయుంటాది" అన్నాడు. హిందూపురం పోయేవాళ్ళ చేత ఇంకో బుడ్డి తెప్పించాడు.

నెల తిరగ్గానే తాడు విప్పి చుట్టుకొని, కుళ్ళాయమ్మతో హిందూపురం పోయాడు. డాక్టరు తాడు చేతిలోకి తీసుకొని మురిసిపోయాడు. ఐదు పోగులు పోతే మిగతావన్నీ నీలాలు. ఇంత చక్కగా లెక్క పెట్టిన రోగిని తాను చూడలేదన్నాడు. తర్వాత, ఊరికే వాడుక ప్రకారం, తన గొట్టంలో ఒకసారి మరిగించాడు. ఇటుక. మళ్ళీ మరిగించాడు. మళ్ళీ ఇటుకే.

"ఏమప్పా, మీ ఇంట్లో ఎట్ల చేస్తాండావో ఈడ నా ముందర చెయ్యి," అన్నాడు.

తప్పు చేసినవాడైతే తేలు కుట్టిన దొంగలా ముడుచుకోవాలి. ఓబుళప్ప పంచె ఎగగట్టి ముందుకొచ్చాడు. చెంచాడు మందు, ఎనిమిది చుక్కలు, దీపం. ఎరుపు తిరగ్గానే ఇంకో చెంచా పోశాడు. "ఇప్పుడు రంగు రోంత తప్పింది కదా సామీ, దీన్ని ఇట్ల సరి చేయాల," అంటూ ఇంకో చెంచా కూడా పోశాడు. మడ్డి దిగనిచ్చి గొట్టాన్ని కిటికీకి పట్టి, "చూడండి, నీలం," అన్నాడు.

డాక్టరు నుదురు కొట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"నీ తొట్టిలో రంగు కుదిరిందో లేదో ఎట్ల తెలుసుకుంటావు?"

"ఒగ పోగు ముంచి చూస్తా. మచ్చు."

"మచ్చు ఎర్రగా వచ్చింది, శెట్టి అడిగింది నీలం. మచ్చు మీద నీలం పూసి శెట్టికి చూపిస్తావా?"

"ఛీ, అట్ల చేసేవాడు రంగేసేవాడు ఎట్లయితాడు సామీ. వాడు దొంగ."

"ఈ గొట్టం మచ్చు. తొట్టి నువ్వు," అన్నాడు డాక్టరు.

ఓబుళప్ప గొట్టాన్ని చూసుకున్నాడు, తన ఒంటిని చూసుకున్నాడు. చేతిలోని గొట్టాన్ని బల్ల మీద పెట్టేశాడు. వాదంలో ఆయన ఓడిపోగా చూడడం కుళ్ళాయమ్మకు అదే మొదటిసారి. "ఎండకు ఇగిరిందంట, ఎండకు," అని పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కంటనీరు పెట్టుకుంది, ఆ నీళ్ళు ఎంతకూ ఆగలేదు.

తిరుగు రైలు పెనుకొండ స్టేషన్లో ఆగినప్పుడు, ఎక్కడ శెట్టి కనబడతాడోనని ఓబుళప్ప తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు. కుళ్ళాయమ్మ ఆ తువ్వాలు కిందికి లాగేసింది. "రంగులు కనపడకుంటే నువ్వు బతకవు. అది నాకు తెలుసు. నువ్వు లేకుంటే నేను యాడికి పోవాల, చెప్పు," అంది.  ఇంటికి రాగానే ఆయన వెంట తెచ్చుకున్న తాడు విప్పి, నీలం పోగులన్నీ ఒక్కొక్కటిగా తెంపి పొయ్యిలో వేశాడు. ఐదు పోగులే మిగిలాయి.

ఆ రోజు నుంచి ఓబుళప్ప తన ఒంటిని తొట్టిలా చూడడం మొదలుపెట్టాడు. ఏది వేస్తే ఏ రంగు వస్తుందో ఆరా తీశాడు. సంగటి ముద్ద పెద్దదైతే పసుపు. చిన్న ముద్ద, నిండా ఆకుకూర పప్పు అయితే పచ్చ. స్టేషను దాకా నడిచి వస్తే పచ్చలో కాస్త నీలం కలుస్తుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పొద్దున్నే తాడు చూసి, నిన్న ఆయన ఏం తిన్నాడో చెప్పేసేవాళ్ళు. వినాయక చవితికి ఎదురింటివాళ్ళు బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు పంపారు. కుళ్ళాయమ్మ దేవుడి గదిలో ఉండగా రెండు లోపలికి పోయాయి. మరునాడు గొట్టం నారింజకు తిరిగింది. ఆయన కిక్కురుమనకుండా నారింజ పోగు కట్టి, దాని పక్కన తానే నిలబడి, "గమ్మునుండు, నాకు తెలుసు," అన్నాడు. ఆమె ఇంకా ఏమీ అననే లేదు.

డాక్టరు దగ్గర ఐదు రంగులే ఉండేవి. ఓబుళప్ప తొమ్మిది కనిపెట్టాడు. డాక్టరు "పచ్చ" అంటే, "ఇది పచ్చ కాదు సామీ, వేపచిగురు. పచ్చ మొన్నటిది," అని తాడు ముందు పెట్టేవాడు. రెండుసార్లు ఎదురు చెప్పి చూసి, మూడోసారికి ఆ డాక్టరు కూడా వేపచిగురు అనే రాసుకున్నాడు. ఆ తాడు తర్వాత ఎనిమిదేళ్ళు పెరుగుతూనే పోయింది. ఏడాది నిండగానే చుట్టి పెట్టెలో పెట్టి కొత్తది మొదలుపెట్టేవాడు. కానీ ఎనిమిదేళ్ళ మాట అప్పుడెవరికి తెలుసు? అప్పుడు ఆయనకున్నది కార్తీకం దాకానే.

భాద్రపదంలో చూపు డాక్టరు చెప్పినట్టే ఇంకా తికమక పెట్టింది. చెట్లు బాగా కనబడేవి, చేతిలో చిలప అలుక్కుపోయేది. ఓబుళప్ప భయపడ్డాడు, అయినా అద్దాలకు పరిగెత్తలేదు. ఆశ్వయుజంలో ఒక పొద్దున కాగులో నీళ్ళు పోస్తూ, ఎదురింటి అరుగు మీది ముగ్గులో ఒక గీత తప్పిందని అన్నాడు. కుళ్ళాయమ్మ బిందె కిందపెట్టి పోయి చూసి వచ్చింది. నిజంగానే తప్పింది. ఆ వారంలో తాడు మీద వరసగా నాలుగు నీలాలు, రెండో చెంచా పొయ్యని నీలాలు.

కార్తీకం రాగానే నెమలికంఠం తొట్టి పెట్టాడు. మచ్చు మీద మచ్చు ముంచాడు. పద్నాలుగు పోగులు తప్పాయి, పదిహేనోది ఆపాడు. చిలప ఆరాక పాతదీ కొత్తదీ వేరువేరు గుడ్డల్లో చుట్టుకొని, కుళ్ళాయమ్మతో కలిసి పెనుకొండ రైలెక్కాడు.

శెట్టి ఇంట్లో ఆయన మూట విప్పి రెండు చిలపలూ చాప మీద పెట్టాడో లేదో, సుమతి వచ్చి రెండూ లాక్కుంది. భుజాన ఒకటి, మెడలో ఒకటి వేసుకొని, అమ్మకు చూపిస్తానని లోపలికి పోయింది, పెరట్లోకి పోయింది, మళ్ళీ వచ్చి రెండూ కలిపి చాప మీద పడేసింది.

"సరే, యాది పాతదప్పా?" అన్నాడు శెట్టి. "పాతది నాకిచ్చెయ్. సరిపోయిందో లేదో చూడాల."

ఓబుళప్ప చిలపలు అందుకున్నాడు. చూశాడు. వాకిట్లోకి తీసుకుపోయి ఎండకు పట్టి చూశాడు. తిప్పి చూశాడు. ఏది పాతదో, ఏది తాను మొన్న వేసిందో తెలియలేదు.  మళ్ళీ అదే వచ్చింది, ఎండాకాలంలో శెట్టి ముందు వచ్చిన ఆ తెలియకపోవడమే. ఏదో ఒకదాన్ని చేతికిచ్చి ఇదే పాతదంటే ఎవరికీ తెలియదు కూడా. ఆ మాట మనసులోకి వచ్చింది. వచ్చినందుకే సిగ్గుపడ్డాడు.

లోపలికి వచ్చి రెండు చిలపలూ శెట్టి ఒడిలో పెట్టాడు. "సామీ, నాకు తేడా కనపడల్యా. నా కండ్లను నమ్మొద్దు. చీర ఇంకొకరికి ఇచ్చెయ్," అని చాప చివర కూర్చున్నాడు.

శెట్టి చిలపలు పట్టుకొని గడప దగ్గరికి పోయాడు. ఎంతసేపటికీ రాలేదు. సుమతి పోయింది. ఆమె కూడా రాలేదు. ఆఖరికి కుళ్ళాయమ్మ లేచి పోయి, వాళ్ళ చేతుల్లోంచి రెండూ తీసుకొని, ఎండలో ఒకదాని మీద ఒకటి వేసి, దగ్గరగా చూసింది, దూరంగా చూసింది. తర్వాత తిరిగి వచ్చి మొగుడి ముందు కూర్చుంది.

"శెట్టికి తెలీలేదు. ఆ బిడ్డకూ తెలీలేదు," అంది. "నాకైతే చక్కెర లేదు కదా, కండ్లు బాగుండాయి కదా. నాకూ తెలీలేదయ్యా."

ఓబుళప్పకు ఆ మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక తువ్వాలుతో మొహం కప్పుకొని, శెట్టి ఇంట్లో, అందరి ముందూ, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.